నివాసి పోయినా నిలిచే ఇల్లు

గాజు స్పంజికలు లోతు సముద్రంలో బతికే జంతువులు. వాటికి నోరు లేదు, కన్ను లేదు, నరాలూ కండరాలూ లేవు. ఒకచోట పాతుకుని, ఒంటినిండా ఉన్న సన్నని చిల్లుల గుండా నీటిని లోపలికి లాగుతాయి. అందులోని బాక్టీరియాను తిని, మిగిలిన నీటిని పైనున్న పెద్ద రంధ్రం గుండా వదిలేస్తాయి. వాటి ఒంటిని నిలబెట్టే గూడు అచ్చమైన గాజు, అంటే ఇసుకలో ఉండే సిలికా. ఆ గాజు ముళ్లను జంతుశాస్త్రం కంటకాలు అంటుంది. కంటకానికి మూలరూపంలో ఆరు కొమ్ములుంటాయి గనుక ఈ తరగతికి హెక్సాక్టినెల్లిడా అని పేరు వచ్చింది. జంతువు చనిపోతే మెత్తటి భాగం కుళ్లి కొట్టుకుపోతుంది, గాజు గూడు మాత్రం నిలిచి ఉంటుంది. ఆ గూటిలో, గూటి మీద, గూళ్ల గుట్టల మధ్య ఇతర జీవులు కాపురం పెడతాయి. దేహం, దేహి అనే పాత చర్చకు ఇక్కడ ఒక కొత్త సాక్ష్యం దొరుకుతుంది. దేహం ఎవరిది? దేహి వెళ్లిపోయాక దానికి విలువ ఉంటుందా?

శరీరాన్ని ఇంటితో, పట్టణంతో పోల్చడం ఈ దేశంలో చాలా పాత అలవాటు. కఠోపనిషత్తు దాన్ని పదకొండు ద్వారాల పురం అంటే, గీత తొమ్మిది ద్వారాల పురం అంది. పురంలో శయనించేవాడు గనుక పురుషుడు అని వ్యుత్పత్తి కూడా చెప్పారు. చినిగిన బట్ట విడిచి కొత్తది కట్టుకున్నట్టు దేహి దేహాన్ని మారుస్తాడన్న పోలిక వినని తెలుగు ఇల్లు ఉండదు. చావింటి దగ్గర చిలక ఎగిరిపోయిందని, కట్టె మిగిలిందని అనడం వెనక ఉన్నదీ ఈ ఊహే. ఈ పోలిక మూడు సంగతులను ముందే ఒప్పేసుకుంటుంది. ఇల్లు వేరు, ఉండేవాడు వేరు. ఒక ఇంటికి యజమాని ఒక్కడే. యజమాని వెళ్లాక మిగిలింది పనికిరాని కట్టె. గాజు స్పంజిక దగ్గర మూడోది బొత్తిగా నిలవదు. మొదటి రెండూ నిలుస్తాయా లేదా అన్నది ఏ దర్శనం వైపు నుంచి చూస్తున్నామన్న దాని మీద ఆధారపడుతుంది.

కృష్ణా డెల్టాలోని కాకుమాను చేలగట్ల మీద నిలబడి చూస్తే ఈ జంతువు మరీ పరాయిది కాదు. దక్కను రాళ్లు వానకు నాని అరిగేటప్పుడు సిలికా కరిగి కృష్ణ నీటిలో కలుస్తుంది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఆ నీరు కాలువలు పట్టి డెల్టా పొలాలకు చేరుతోంది. వరి మొక్క ఆ సిలికాను వేళ్లతో పీల్చి ఆకుల్లో, గింజ పొట్టులో గాజు రేణువులుగా పేర్చుకుంటుంది. వరి ఆకు చేతిని గీరేది దీనివల్లే. ఊక కాల్చగా మిగిలిన బూడిదలో 90 శాతం దాకా సిలికాయే. చేలు తీసుకోగా మిగిలింది హంసలదీవి వైపు, నిజాంపట్నం వైపు సముద్రంలో కలుస్తుంది. అక్కడ డయాటమ్‌లనే కంటికి కనబడని నాచు దానితో పెంకులు కట్టుకుంటుంది. నాచు చచ్చి అడుగుకు రాలుతూ ఉంటే పెంకులు లోతు నీటిలో మెల్లగా కరుగుతాయి. అందుకే అట్టడుగు నీటిలో సిలికా పైనీటి కన్నా చాలా ఎక్కువ. గాజు స్పంజిక ఇల్లు కట్టుకునేది ఆ నీటి నుంచే. గాజు కార్ఖానాకు వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమి కావాలి. ఈ జంతువు చీకట్లో, ఎముకలు కొరికే చలిలో, ఒక ప్రొటీన్ దారం చుట్టూ పొర మీద పొరగా గాజును పేరుస్తుంది. పంచభూతాల నుంచి అప్పు తెచ్చుకున్నదే దేహమని పెద్దలు చెప్పేది ఇక్కడ అక్షరాలా నిజం. కాకుమాను ఊకలో ఉన్నదీ, సముద్రపు అడుగున గాజు ముల్లులో ఉన్నదీ ఒకటే ధాతువు.

కాలం సంగతి కూడా చెప్పుకోవాలి. మోనోరాఫిస్ చునీ అనే జాతి మూడు మీటర్ల దాకా పొడవుండే ఒకే ఒక్క కంటకాన్ని బురదలో గుచ్చుకుని, దాన్ని పట్టుకుని బతుకుతుంది. చైనా దగ్గరి సముద్రంలో దొరికిన అలాంటి ఒక కంటకం పెరగడానికి సుమారు 11,000 ఏళ్లు పట్టిందని 2012లో వెలువడిన పరిశోధన లెక్కగట్టింది. రేపల్లె, నిజాంపట్నం ఉన్న నేలను కృష్ణ ఇంకా పోయకముందే ఆ ముల్లు పెరగడం మొదలుపెట్టిందన్నమాట.

బంగాళాఖాతం అడుగు చాలామటుకు బురద. గంగా బ్రహ్మపుత్రలు మోసుకొచ్చిన ఒండ్రు దాదాపు మూడు వేల కిలోమీటర్ల పొడవున పరుచుకుని ఉంది, తీరం పొడవునా గోదావరి, కృష్ణల ఒండ్రు దానికి తోడు. అటువంటి చోట పాతుకోవడానికి రాయి దొరకదు. అందుకని ఇక్కడి గాజు స్పంజికల్లో చాలావాటికి అడుగున గాజు వెంట్రుకల కుచ్చు ఉంటుంది, అదే వాటి లంగరు. పంతొమ్మిదో శతాబ్దం చివర రాయల్ ఇండియన్ మెరైన్ సర్వే వారి ఇన్వెస్టిగేటర్ ఓడ బంగాళాఖాతంలో, అండమాన్ సముద్రంలో, అరేబియా సముద్రంలో అడుగు వలలు లాగి వీటిని పైకి తెచ్చింది. ఆ నమూనాలను బెర్లిన్‌లోని ఫ్రాంజ్ ఐల్‌హార్డ్ షుల్జె పరిశీలించి వర్ణించాడు, 1902లో కలకత్తా నుంచి ఆ గ్రంథం వెలువడింది. తూర్పు తీరం వెంబడి పల్లెకారులు తరతరాలుగా వేటాడుతున్న నీళ్ల కిందనే ఇవి ఉన్నా, పైవాళ్లకు కనబడింది అప్పుడే.

ఇటువంటి లంగరు కుచ్చు గల హయలోనీమా అనే రకం యూరప్‌కు మొదట జపాన్ నుంచి చేరింది. పేనిన గాజు తాడు, దాని ఒక కొసన స్పంజిక, తాడు చుట్టూ బెరడులా అంటుకున్న చిన్న పుష్పకాయాలు (పాలిప్‌లు). ఇందులో జంతువు ఏది? 1835లో దీనికి పేరు పెట్టిన జాన్ ఎడ్వర్డ్ గ్రే, తాడును నేసింది పుష్పకాయాలేనని, స్పంజిక పైన వచ్చి చేరిందని వాదించాడు. బవర్‌బ్యాంక్ ఆ పుష్పకాయాలు వేరే జీవులే కావు, స్పంజిక అవయవాలే అన్నాడు. ఎరెన్‌బర్గ్‌కు మొత్తం వస్తువే జపాన్ పనివాళ్ల చేతి నేర్పుగా తోచింది. 1860లో మాక్స్ షుల్జె సూక్ష్మదర్శిని కింద చూసి, తాడు స్పంజికదేనని, పుష్పకాయాలు దాని మీద అద్దెకున్న వేరే జీవులని తేల్చాడు. పాతికేళ్ల పాటు మంచి శాస్త్రవేత్తలు ఇల్లు ఏదో, ఇంటివాడు ఎవరో, అద్దెకున్నవాడు ఎవరో తేల్చుకోలేకపోయారు. ఇది వాళ్ల తెలివితక్కువతనం కాదు. బతుకులు అంతగా అల్లుకుపోయినచోట గీత ఎక్కడ గీయాలన్నది నిజంగానే కష్టమైన ప్రశ్న.

ఒంటి లోపలికి వెళితే ప్రశ్న ఇంకా ముదురుతుంది. మామూలు జంతువుల శరీరం విడివిడి కణాల సమూహం. గాజు స్పంజికలో శరీరం చాలావరకు ఒకే అవిచ్ఛిన్నమైన జీవపదార్థం. లెక్కలేనన్ని కేంద్రకాలు మధ్యలో గోడలు లేకుండా అందులో ఉంటాయి. సాలెగూడులాంటి ఆ పదార్థం గాజు చట్రం మీద పరుచుకుని ఉంటుంది. పిండం తొలిదశలో కణాలు విడిగానే పుడతాయి, తరువాత కలిసిపోతాయి. గోడలు లేనందువల్ల నరాలు లేకున్నా విద్యుత్ సంకేతం ఒళ్లంతా పాకగలదు. కెనడా తీరంలోని ఒక జాతిలో ఆ వేగం సెకనుకు పావు సెంటీమీటరు పైచిలుకు. బురద రేణువులు తగిలితే సంకేతం పాకి, నీరు లాగడం ఒళ్లంతటా ఆగిపోతుంది. ఇందులో ఉన్నది ఒక జీవుడా, అనేకులా?

ఈ ప్రశ్నకు సూటిగా ఎదురుపడే ఆలోచన జైనంలో ఉంది. జైనులు స్పర్శ ఒక్కటే గల ఏకేంద్రియ జీవులను గుర్తించారు. వాటిలో వనస్పతి జీవులను ప్రత్యేక శరీరం గలవి, సాధారణ శరీరం గలవి అని విభజించారు. సాధారణ శరీరమంటే అనంత జీవులకు ఉమ్మడిగా ఉండే ఒకే దేహం. అక్కడ ఆహారమూ ఉమ్మడే, ఊపిరీ ఉమ్మడే. వాటికి నిగోద జీవులని పేరు. ఒక ఇంటికి ఒకడే యజమాని అన్న నియమాన్ని జైనం అవసరమని అనుకోలేదు. అనంతపురం జిల్లా కొనకొండ్లతో ముడిపడిన కుందకుందాచార్యుల సంప్రదాయానికీ ఈ విభజన తెలుసు. అయితే దీన్ని పట్టుకుని స్పంజిక సంగతి పూర్వులకు అప్పుడే తెలుసనడం తప్పు. వాళ్లు గాజు స్పంజికను చూడలేదు, కేంద్రకాల మాట ఎరగరు. చెప్పదగింది ఒకటే: జీవుల లెక్కను దేహాల లెక్కతో ముడిపెట్టకుండా ఆలోచించే ధైర్యం వాళ్లకుంది.

అద్వైతి జవాబు వేరుగా ఉంటుంది. ఎంతమంది జీవులన్న లెక్క ఉపాధిని, అంటే దేహం వంటి హద్దును బట్టి తోచేదే తప్ప ఆత్మకు సంఖ్య లేదంటాడు. ఘటాకాశం, మహాకాశం అనే పోలిక స్పంజికకు మరీ బాగా కుదురుతుంది. కుండలోని ఆకాశం బయటి ఆకాశమే అయినట్టు, స్పంజిక కడుపులోని సముద్రం బయటి సముద్రమే. తేడా ఏమంటే కుండ ఊరకే ఉంటుంది, స్పంజిక ఊరకుండదు. ఆ నీటిని వడకట్టి, బాక్టీరియాలో అధిక భాగాన్ని తీసేసి వదులుతుంది. లోపలికి వచ్చిన నీరూ బయటికి పోయిన నీరూ ఒకటి కావు. పోలిక సరిహద్దు గురించి సరిగ్గా చెబుతుంది, దేహం చేసే పని గురించి చెప్పదు.

ఆ పని చావుతో ఆగిపోతుంది. ఇల్లు మాత్రం అక్కడి నుంచి కొత్త పనిలో పడుతుంది. 1987లో కెనడా పశ్చిమ తీరాన హెకేట్ జలసంధిలో, 140 నుంచి 240 మీటర్ల లోతున గాజు స్పంజికల దిబ్బలు బయటపడ్డాయి. జురాసిక్ కాలంలో జర్మనీ, స్పెయిన్, రుమేనియాల మీదుగా ఉన్న సముద్రంలో అటువంటి దిబ్బలు వేల కిలోమీటర్ల బారున ఉండేవి. అవి కోట్ల ఏళ్ల కిందటే అంతరించాయనుకుంటున్న రోజుల్లో బతికున్నవి కనిపించాయి. వాటి వయసు సుమారు 9,000 ఏళ్లు. కొన్ని చోట్ల 25 మీటర్ల దాకా లేచాయి. దిబ్బ కట్టే జాతుల్లో కంటకాలు ఒకదానికొకటి అతుక్కుని గట్టి చట్రమవుతాయి. జంతువు చచ్చినా చట్రం కూలదు. ప్రవాహంలో వచ్చే సన్నని ఒండ్రు దాని సందుల్లో చిక్కుకుని మొదలును నిలబెడుతుంది. తరువాతి తరం పిల్ల స్పంజికలు పాతుకోవడానికి ఆ చనిపోయిన గాజే కావాలి. కాబట్టి దిబ్బలో బతికున్నది పైనున్న ఒకటి రెండు మీటర్లే, కిందిదంతా పూర్వీకుల ఒళ్లు. ఆ గాజు గుబుర్లలో రొయ్యలు, పీతలు తిరుగుతాయి, చేప పిల్లలు తలదాచుకుని పెద్దవవుతాయి.

బంగాళాఖాతపు బురదలో ఇటువంటి దిబ్బలు ఉన్నాయని చెప్పడానికి ఆధారం లేదు. అయితే బురద నేలలో ఒంటరి గాజు కాడ చేసే మేలు ఇంకో రకం. కనుచూపు మేర గట్టి వస్తువు లేనిచోట అదొక్కటే నిలువు స్తంభం. కాలిఫోర్నియా తీరానికి దూరంగా నాలుగు వేల మీటర్ల లోతున స్పంజిక కాడలను పరిశీలిస్తే, కొన్ని పదుల కాడల మీదే వందకు పైగా రకాల జీవులు కనిపించాయి. ఎడారిలో ఒక్క చెట్టుకు ఎన్ని పిట్టలు చేరతాయో అలాగే.

చనిపోయిన దేహం చుట్టూ బతికున్నవారు చేరడం రేపల్లె, తెనాలి సీమకు తెలియని సంగతి కాదు. భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రీ తవ్వించినప్పుడు లోపల మూడు రాతి పేటికలు దొరికాయి. వాటి మీది బ్రాహ్మీ శాసనాలు తెలుగు లిపి చరిత్ర చెప్పేవారు మొదట తలుచుకునేవి. కుర అనే అతను, అతని తల్లిదండ్రులు, శివుడనే మరొకతను కలిసి బుద్ధుని అవశేషాలు ఉంచడానికి పేటికను, స్ఫటికపు భరిణెను చేయించారని అందులో ఒకటి చెబుతోంది. స్ఫటికమూ సిలికాయే. స్పంజిక గాజుకు అది ఒక రకంగా అన్నదమ్ముల వరస. ఇంకా ముఖ్యమైంది ఆ శాసనంలో అవశేషాలకు వాడిన మాట. అది శరీరం. బతికున్న ఒంటికీ, చితిలో మిగిలిన ఎముక ముక్కకూ ప్రాకృతంలో, పాళీలో ఒకటే మాట చెల్లింది. ధాతువన్న మాటకూ మూలపదార్థమని, పవిత్ర అవశేషమని రెండర్థాలున్నాయి. ఈ మాటలు వాడినవాళ్లకు చావు తర్వాత మిగిలింది కట్టె కాదు. దాని చుట్టూ ఇటుకలు పేర్చారు, ప్రదక్షిణ పథం వేశారు. అమరావతిలోలాగా తరువాతి తరాలు పాత స్తూపం మీదనే కొత్త పొర కట్టి పెద్దది చేశాయి. పాతదాన్ని పునాదిగా చేసుకుని కొత్తది లేవడం హెకేట్ దిబ్బకూ అమరావతి స్తూపానికీ సమానమే.

దీన్ని మతపరమైన భావావేశమని కొట్టిపారేయకుండా నిలబెట్టే తర్కం రెండు ఎదురెదురు దర్శనాల్లో ఉంది. శ్రీభాష్యంలో రామానుజులు శరీరానికి ఇచ్చిన నిర్వచనం అవయవాలను బట్టి కాదు. ఏ ద్రవ్యాన్ని ఒక చేతనం తనకోసం ధరిస్తుందో, నియమిస్తుందో, ఏది ఆ చేతనానికి శేషంగా ఉంటుందో అది దాని శరీరం. ఈ లెక్కన స్పంజిక జీవుడు పోయిన క్షణాన ఆ గాజు గూడు అతని శరీరం కాకుండా పోతుంది. కానీ జగత్తంతా ఈశ్వరుని శరీరమే గనుక ఆ గూడు దిక్కులేనిది అయిపోదు, ఒక శరీరి చేతిలోంచి జారినా ఇంకో శరీరి ధరిస్తూనే ఉంటాడు. పొన్నూరు, బాపట్ల భావనారాయణస్వామి గుడులకు వెళ్లే వైష్ణవ కుటుంబాలకు శరీర శరీరి భావం కొత్త మాట కాదు. దాన్ని సముద్రపు అడుగుదాకా తీసుకెళ్లడం మాత్రం అరుదు.

నాగార్జునుడు దేహి అనే మొదటి మెట్టునే ఒప్పుకోడు. మూలమధ్యమకకారికలో పదో ప్రకరణం అగ్నినీ ఇంధనాన్నీ పరీక్షకు పెడుతుంది. నిప్పు కట్టె ఒకటే అయితే కాల్చేదీ కాలేదీ ఒకటే అవుతుంది; వేరైతే కట్టె లేకుండా నిప్పు ఉండాలి. రెండూ కుదరవు. ఒకదాన్ని బట్టి ఇంకొకటి ఆ పేరు తెచ్చుకుంటుంది. ఆత్మ, దేహాల మాటా అంతేనన్నది అక్కడి సారం. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ పేరులో ఆయన స్మృతి నిలిచింది. హయలోనీమా గురించిన పాతికేళ్ల తగువు ఈ ప్రకరణానికి మంచి ఉదాహరణ. తాడు లేకుంటే పుష్పకాయాలకు ఆధారం లేదు, పాత గాజు లేకుంటే దిబ్బలో కొత్త స్పంజిక లేదు, ఒండ్రు లేకుంటే దిబ్బే లేదు. ఇందులో ఎవరు నివాసి, ఏది నివాసం అన్నది చూసే చోటును బట్టి మారుతుంది. ఒకరు అంతటా శరీరి ఉన్నాడంటారు, మరొకరు ఎక్కడా విడి శరీరి లేడంటారు. ఇద్దరి దగ్గరా చనిపోయిన గూడు చెత్త కాదు. దేహిని ఒక్కణ్నీ వేరుచేసి విలువంతా అతనికే కట్టబెట్టే పోలిక కన్నా, గాజు స్పంజిక విషయంలో ఈ రెండే సత్యానికి దగ్గరగా ఉన్నాయి.

వేదాంతి ఇక్కడ ఒక ఆక్షేపణ చెప్పవచ్చు. స్పంజిక దేహం గురించే సాక్ష్యం చెప్పగలదు, ఆత్మ గురించి కాదు; గూడు ఎంతకాలం నిలిచినా మోక్షవిచారానికి దానితో పని లేదు. ఆక్షేపణ న్యాయమైనదే. బట్టల పోలిక పుట్టింది దుఃఖపడేవాణ్ని ఊరడించడానికి, జంతుశాస్త్రం చెప్పడానికి కాదు. చిక్కు వచ్చేది ఆ ఊరడింపును లోకవ్యవహారానికి నియమంగా మార్చినప్పుడే.

బంధమనే మాటకు కూడా ఇక్కడ ఒక చిత్రమైన ఉదాహరణ ఉంది. యూప్లెక్టెల్లా అనే గాజు బుట్టలోకి రొయ్య పిల్లలు జంటగా చేరతాయి. లోపలే పెరిగి, ఆ జల్లెడ కన్నాల్లోంచి బయటికి రాలేనంత పెద్దవవుతాయి. వాటి పిల్లలు మాత్రం సన్నగా ఉన్నప్పుడే బయటపడి ఇంకో బుట్ట వెతుక్కుంటాయి. జపాన్‌లో ఈ స్పంజికను కైరో దోకెట్సు అంటారు. కలిసి ముసలివాళ్లై ఒకే గోతిలో చేరడమని అర్థం. అందుకే పెళ్లి కానుకగా ఇచ్చే ఆచారం ఉండేది. తెలుగువారు అదే బుట్టను చూస్తే ముందు పంజరం గుర్తుకొస్తుందేమో. వేటాడే చేపల నుంచి కాపాడే గోడా, బయటికి పోనీయని గోడా ఒకటే గనుక రెండు చూపులూ సరైనవే.

మిగిలింది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. అహింస సాధారణంగా ప్రాణిని లెక్కలోకి తీసుకుంటుంది. ప్రాణం లేని గాజు గుట్టను పగలగొడితే అది హింసేనా? అడుగు వలలు లాగే ఓడలు ఈ దిబ్బలను క్షణాల్లో పిండి చేస్తాయి. వాటితో పాటు పైనున్న బతికున్న పొర, పాతుకోవలసిన రేపటి తరం, దాక్కున్న చేప పిల్లలు పోతాయి. చనిపోయిన ఇంటి మీద వేటు బతికున్నవారికి తగులుతుంది. హెకేట్ దిబ్బలకు కెనడా 2017లో సముద్ర రక్షిత ప్రాంతం హోదా ఇచ్చింది. భట్టిప్రోలు స్తూపానికి ఆ అదృష్టం సమయానికి దక్కలేదు. రీ తవ్వకానికి ముందే దాని ఇటుకలు, రాళ్లు రోడ్లకూ కాలువ పనులకూ తరలిపోయాయి. తీసుకెళ్లినవాళ్లు దాన్ని ఎవరూ ఉండని గుట్టగానే చూశారు.

ఇదే ప్రశ్న ఇప్పుడు హిందూ మహాసముద్రం మధ్యలో భారతదేశం ముందు ఉంది. అక్కడ 75,000 చదరపు కిలోమీటర్ల అడుగు నేలలో బహులోహ గుళికలను అన్వేషించడానికి 2002లో అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థతో ఒప్పందం కుదిరింది. మాంగనీసు, నికెల్, కోబాల్టు, రాగి ఉన్న ఆ గుళికలు పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతాయి. బురద మైదానంలో, లంగరు కుచ్చు లేని కాడ స్పంజికలు పాతుకోగల గట్టి వస్తువులు అవే. పసిఫిక్‌లో పెరూ తీరానికి దూరంగా నాలుగు వేల మీటర్లు దాటిన లోతున, గుళికకు అంటుకుని చచ్చి నిలిచిన స్పంజిక కాడ మీద తెల్లని ఆక్టోపస్ తల్లి గుడ్లు పెట్టి, వాటిని చుట్టుకుని కాపలా కాస్తూ కనిపించింది. ఒక్కో కాడ మీద 30 దాకా గుడ్లు. అంత చలిలో అవి పొదగడానికి ఏళ్లు పట్టవచ్చని 2016లో ఆ సంగతి ప్రచురించిన పరిశోధకుల అంచనా. గుళిక తీస్తే కాడ పోతుంది. కాడ కొత్తగా లేవాలంటే ముందు గుళిక ఉండాలి, దాని మీద స్పంజిక పుట్టాలి, పెరగాలి, చనిపోవాలి.